ఇంటికి ఉత్తరాన ఉన్న ఆకాశం: పల్లెలో కొన్నేళ్ల శాటిలైట్ నెట్ అనుభవం

మా ఆవిడ డాక్టరు. అమెరికాలో జె-1 వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రిలో చేసే డాక్టరు శిక్షణ) చేసినవాళ్లు రెండేళ్లు స్వదేశానికి వెళ్లి ఉండాలని నిబంధన ఉంది. డాక్టర్లు కరువైన ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే దాన్నుంచి మినహాయింపు ఇస్తారు. ఆ పథకానికి కాన్రాడ్ 30 అని పేరు. అమెరికాలో చిన్నచిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లు కనబడితే, చాలాసార్లు వాళ్లు ఆ దారిన వచ్చినవాళ్లే. మేమూ అలాగే 2021లో మిస్సోరీ రాష్ట్రంలోని ఓజార్క్ కొండల్లోకి వచ్చాం. ఊరికి 14 మైళ్లు, అందులో చివరి రెండు మైళ్లు కంకర రోడ్డు. 11 ఎకరాలు, బోరు నీళ్లు, పెరట్లో ప్రొపేన్ ట్యాంకు. నాది ఇంటినుంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెట్ లేకపోతే నా జీతం లేదు. అందుకే ఈ సమీక్షలో స్పీడు అంకెల కంటే రోజువారీ బతుకు ఎక్కువ ఉంటుంది.

మా రోడ్డుకి కేబుల్ రాలేదు. పాత టెలిఫోన్ తీగ ఉంది కానీ దాని మీద కొత్త ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం లేదన్నారు. సెల్ సిగ్నలు వంటింటి కిటికీ దగ్గర ఒక్క గీత. టవరు నుంచి ఇచ్చే హోం ఇంటర్నెట్ మా అడ్రసు కొడితే లేదని వచ్చింది. ఇక మిగిలింది ఆకాశం.

మొదటి ఏడాదిన్నర భూస్థిర ఉపగ్రహం, అంటే భూమితోపాటే తిరుగుతూ ఆకాశంలో ఒకే చోట ఉన్నట్టు కనిపించే ఉపగ్రహం మీద నడిచే నెట్ వాడాం. ఆ కంపెనీ పేరు రాయను. నేను పడ్డ ఇబ్బందిలో ముప్పాతిక దూరం వల్ల వచ్చిందే, ఏ కంపెనీ అయినా ఆ దూరాన్ని తగ్గించలేదు. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మనం నొక్కిన నొక్కు పైకెళ్లాలి, అక్కణ్నుంచి కంపెనీ గ్రౌండ్ స్టేషనుకి దిగాలి, జవాబు మళ్లీ పైకెక్కి మళ్లీ మన డిష్‌లోకి దిగాలి. నాలుగు ప్రయాణాలు కలిపి లక్షా నలభై మూడు వేల కిలోమీటర్లు. కాంతి వేగంతో పరిగెత్తినా దాదాపు అర సెకను. మధ్యలో యంత్రాల పని కూడా కలుపుకుని మా ఇంట్లో 620 నుంచి 700 మిల్లీసెకన్లు చూపించేది.

అర సెకను ఎంతలే అనిపిస్తుంది. అమ్మతో వీడియో కాల్ మాట్లాడితే తెలిసింది. "తిన్నావా నాన్నా?" అంటుంది. "తిన్నానమ్మా" అంటాను. నా మాట ఆమెకు చేరేలోగానే "వినపడుతోందా?" అని ఇంకోటి అడుగుతుంది. దానికి జవాబు చెప్పబోతే నా పాత జవాబు అప్పుడు చేరి ఆమె ఆగిపోతుంది. నేనూ ఆగుతాను. ఇద్దరం ఒకేసారి మళ్లీ మొదలెడతాం. నాలుగు నిమిషాలకి అమ్మ అలిసిపోయేది. నాన్న ఫోను తీసుకుని "సరేరా, ఆదివారం మాట్లాడదాం" అని పెట్టేసేవారు. ఆదివారమూ అంతే.

ఆఫీసు పనికి వస్తే వీపీఎన్ (ఇంటినుంచి ఆఫీసు నెట్‌వర్కుకి వేసుకునే రహస్య దారి) ఇంకో దెబ్బ. భూస్థిర కంపెనీలు ఈ ఆలస్యం పైకి కనపడకుండా ఒక ఏర్పాటు చేస్తాయి: డేటా అవతలికి చేరకముందే, చేరిందని మన కంప్యూటరుకి మోడెమ్ దగ్గరే చెప్పేస్తాయి. దాంతో కంప్యూటరు ఆగకుండా పంపుతూ పోతుంది, పేజీలు ఫరవాలేదనిపించేంత వేగంగా తెరుచుకుంటాయి. వీపీఎన్ పెట్టగానే లోపలున్నదంతా తాళం పడిన పెట్టె అయిపోతుంది. మోడెమ్‌కి లోపల ఏముందో కనపడదు కాబట్టి ఆ ఉపాయం పనిచేయదు. 25 ఎంబీపీఎస్ అని రాసిచ్చిన కనెక్షన్ మీద నా వీపీఎన్ 1, 2 ఎంబీపీఎస్ దగ్గర తచ్చాడేది. ఇంటినుంచి పనిచేసేవాళ్లు శాటిలైట్ నెట్ తీసుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, వీపీఎన్ మీద ఎలా ఉంటుందని. అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పరు.

నాకు అన్నిటికన్నా బాధ అనిపించింది మా ఆవిడ ఆన్-కాల్ రాత్రులు. ఆసుపత్రి నుంచి ఫోనొస్తుంది, ఒక సీటీ స్కాన్ చూసి చెప్పమంటారు. స్కాన్ అంటే ఒక బొమ్మ కాదు, వందల పలకలు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే అవి పై నుంచి కిందకి గీత గీతగా దిగుతుండేవి. రెండు మూడు నిమిషాలు చూసి, లేచి, కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయేది. జనవరిలో, రాత్రి రెండింటికి, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద 14 మైళ్లు. హాలు కిటికీలోంచి ఆ వెనక లైట్లు కనపడినంతసేపూ చూస్తూ నిలబడేవాణ్ని.

తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలతో నెట్ ఇచ్చే స్టార్‌లింక్ కోసం 99 డాలర్లు కట్టి వరుసలో చేరింది 2021లో. డబ్బా ఇంటికొచ్చింది 2022 నవంబరులో. కిట్ 599 డాలర్లు, నెలకు 110. ఈ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, అంటే భూస్థిర ఉపగ్రహానికి అరవయ్యోవంతు దూరం. పెట్టిన రోజే పింగ్ (నొక్కిన నొక్కుకి జవాబు వచ్చే సమయం) 38 మిల్లీసెకన్లు చూపించింది. ఆ వారం ఆదివారం అమ్మ గంటా పది నిమిషాలు మాట్లాడింది. పెరట్లో మునగచెట్టు దగ్గరికి ఫోను తీసుకెళ్లి పూత చూపించింది.

ఇక్కడిదాకా చదివి వెంటనే ఆర్డరు పెట్టేయకండి. డిష్ ఎక్కడ పెట్టాలన్నది అసలు విషయం, నేను ఎక్కువ చెప్పాలనుకున్నదీ అదే.

అమెరికాలో ఉన్నవాళ్లకి భూస్థిర ఉపగ్రహం దక్షిణాన ఉంటుంది. పాత డిష్ మా ఇంటి దక్షిణం గోడకి బిగించారు, అటు పచ్చిక మైదానం, అడ్డం ఏమీ లేదు. స్టార్‌లింక్ డిష్ మా దగ్గర ఉత్తరానికి తిరుగుతుంది. పైగా ఒక్క చుక్కని చూస్తూ కూర్చోదు, పరిగెత్తే ఉపగ్రహాలను ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటుంది కాబట్టి విశాలమైన ఆకాశం కావాలి. మా ఇంటికి ఉత్తరాన 70 అడుగుల ఓక్ చెట్లు, వాటి వెనక హికరీ చెట్లు. ఒకే ఇల్లు, ఒకే పైకప్పు. ఒక డిష్‌కి బ్రహ్మాండమైన చోటు, ఇంకోదానికి అస్సలు పనికిరాని చోటు.

స్టార్‌లింక్ వాళ్ల ఫోను యాప్‌లో కెమెరాతో ఆకాశమంతా తిప్పి చూపిస్తే అడ్డం ఎంతుందో చెబుతుంది. నేను నవంబరులో పైకప్పు మీద నిలబడి చూశాను. ఆకులన్నీ రాలిపోయి ఉన్నాయి. ఫరవాలేదంది. అక్కడే బిగించాను. చలికాలమంతా చక్కగా నడిచింది. ఏప్రిల్ మూడో వారంలో ఓక్ చెట్లు చిగురేశాయి. అప్పట్నుంచి ప్రతి రెండు మూడు నిమిషాలకీ నాలుగైదు సెకన్లు నెట్ పోవడం మొదలైంది. సినిమా చూస్తే తెలియదు, ముందే కొంత దాచుకుని ఉంటుంది కాబట్టి. మీటింగులో మాత్రం నా మాట సగంలో తెగిపోయేది. తడి ఆకు ఈ సిగ్నలుకి దాదాపు గోడే. చలికాలంలో చోటు చూసుకునేవాళ్లు కొమ్మల మధ్య సందులను ఆకాశమని లెక్కేసుకోవద్దు. ఆ సందుల్లో వేసవిలో ఆకు ఉంటుంది.

చెట్లు కొట్టడానికి మనసు రాలేదు. అవి మా ఇంటికంటే పాతవి. పక్క పొలం పెద్దాయన ట్రాక్టరుకి గొయ్యి తవ్వే ఆగర్ తగిలించుకుని వచ్చి, ఇంటికి 130 అడుగుల దూరంలో పాత కొట్టం పక్కన మూడున్నర అడుగుల గొయ్యి తీసిపెట్టారు. రెండంగుళాల జీఐ పైపు నిలబెట్టి కాంక్రీటు పోశాం. 150 అడుగుల కేబుల్ విడిగా కొన్నాను. అక్కడ యాప్ అడ్డం సున్నా అని చూపించింది, ఇప్పటికీ సున్నాయే.

ఆ కేబుల్ని తొందరలో గడ్డి మీదే పరిచి వదిలేశాను. పన్నెండో రోజున కుందేళ్లు కొరికేశాయి. మా తరం డిష్‌కి రెండు వైపులా ఉండే పిన్నులు ఆ కంపెనీ సొంత తరహావి, బజార్లో దొరికే మామూలు ఈథర్నెట్ పిన్ను కాదు. మధ్యలో తెగితే మొత్తం కేబులే మార్చుకోవాలి. కొత్తది వచ్చేదాకా ఆరు రోజులు ఊళ్లో లైబ్రరీలో కూర్చుని పనిచేశాను. తర్వాత అడుగున్నర లోతు కాలువ తవ్వి, పీవీసీ పైపులో వేసి పూడ్చాను. మొదటి రోజే పైపు వేయండి. స్తంభానికి ఎర్తింగ్ కూడా. మిస్సోరీ వసంతం అంటే పిడుగుల కాలం.

వాన సంగతి. మామూలు వానకి ఏమీ కాదు. నల్లటి మేఘం సరిగ్గా డిష్ చూసే వైపు కమ్ముకుని కుంభవృష్టి కురిస్తే రెండు నిమిషాల నుంచి పది నిమిషాల దాకా పోతుంది. పాత భూస్థిర నెట్‌కి ఇదే వానలో అరగంట పోయేది. మంచు పడితే డిష్ తనను తాను వేడి చేసుకుని కరిగించుకుంటుంది, పైకెక్కి తుడిచే పని లేదు. కరెంటు మాత్రం లెక్కలో పెట్టుకోవాలి. మాది సగటున 60 వాట్ల చొప్పున లాగుతుంది, అంటే నెలకు 43 యూనిట్లు. మంచు కరిగించే రోజుల్లో ఇంకా ఎక్కువ. పల్లెలో గాలివానకి ముందు పోయేది కరెంటే కాబట్టి డిష్‌కీ రౌటరుకీ కలిపి ఒక బ్యాటరీ పెట్టాను, మూడు గంటలొస్తుంది. నెట్ పోయిందనుకున్న రాత్రుల్లో సగం నిజానికి పోయింది కరెంటు.

స్పీడు గురించి క్లుప్తంగా: పగలు 120 నుంచి 200 ఎంబీపీఎస్, రాత్రి ఎనిమిది, పది మధ్య 50 దాకా దిగుతుంది. చుట్టుపక్కలవాళ్లంతా పంచుకునే నెట్ కాబట్టి ఆ మాత్రం సహజం. అప్‌లోడు 10 నుంచి 15. మా ఇంటికి చాలు. బయటనుంచి ఇంట్లో కెమెరా చూడాలనుకునేవాళ్లకి ఒక మాట: ఇంటికంటూ ప్రత్యేకంగా పాత పద్ధతి ఐపీ అడ్రసు రాదు, చాలామంది ఒకదాన్నే పంచుకుంటారు. పోర్ట్ తెరిచి (అంటే రౌటరులో దారి వదిలి) బయటనుంచి నేరుగా చూడటం కుదరదు. నేను ఒక చిన్న వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టి ఆ పని చేసుకుంటున్నాను.

ధర గురించి ఎవరు ఏ అంకె చెప్పినా నమ్మకండి, నాదైనా సరే. 2023లో రద్దీ ఉన్న ప్రాంతాలకి నెలకు 120, ఖాళీ ఉన్న ప్రాంతాలకి 90 డాలర్లు చేశారు. మాది ఖాళీ ప్రాంతం కాబట్టి తగ్గింది, 20 మైళ్ల అవతల స్నేహితుడికి పెరిగింది. మీ అడ్రసు కొట్టి ఇవాళ్టి ధర చూసుకోండి. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వాళ్ల బ్రాడ్‌బ్యాండ్ మ్యాపులో కూడా మీ ఇల్లు వెతకండి, కానీ దాన్ని పూర్తిగా నమ్మక, మీ కరెంటు కోఆపరేటివ్‌కి ఫోన్ చేయండి. మిస్సోరీలో కరెంటు సహకార సంఘాలే తమ స్తంభాల మీద ఫైబర్ లాగుతున్నాయి. ఫైబర్ వచ్చే అవకాశం ఏడాదిలో ఉంటే రెండేళ్ల ఒప్పందం దేని మీదా సంతకం పెట్టొద్దు. పాత భూస్థిర నెట్‌కి నేను పెట్టాను. మానుకునేటప్పుడు మిగిలిన నెలలకి డబ్బు కట్టాను.

మరి భూస్థిర నెట్ ఎవరికీ వద్దా అంటే, అలా అనను. ఉత్తరాన కొండో అడవో ఉండి దక్షిణం తెరుచుకుని ఉన్న ఇంటికి, మెయిలు, వార్తలు, సాయంత్రం ఒక సినిమా చాలనుకునే పెద్దవాళ్లకి అది సరిపోవచ్చు. 2023లో పంపిన జూపిటర్ 3 లాంటి పెద్ద ఉపగ్రహాలతో వాటి స్పీడు పెరిగింది కూడా. దూరం మాత్రం అలాగే ఉంది. ఫోన్లో మనిషితో మాట్లాడే పని, వీపీఎన్ పని ఉన్న ఇంటికి తక్కువ ఎత్తు ఉపగ్రహమే కావాలి. అమెజాన్ కూడా 2025 ఏప్రిల్ నుంచి అలాంటివి పైకి పంపుతోంది, 3,236 ఉపగ్రహాల పథకం. ఇంకో కంపెనీ వస్తే మనకే మంచిది.

ప్రకాశం జిల్లాలో ఉన్న మా తమ్ముడు "అన్నా, మనకీ వస్తోందటగా, పెట్టించుకోనా?" అని అడిగాడు. భారత్‌లో వన్‌వెబ్ అనే ఉపగ్రహ నెట్ కంపెనీకి, జియో అనుబంధ సంస్థకి ముందే లైసెన్సు ఉంది, 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కి కూడా ఇచ్చారు. "ముందు మన వీధి స్తంభం దాకా ఫైబర్ వచ్చిందేమో చూడరా. వస్తే ఆకాశం జోలికి పోవద్దు" అన్నాను. వచ్చిందట, నాలుగిళ్ల అవతలే ఆగిందట. వాళ్ల వెంటపడమన్నాను.

ఇక్కడా అదే మాట. పోయిన నెల మా కంకర రోడ్డు మొదట్లో నారింజ రంగు జెండాలు పాతారు. కోఆపరేటివ్‌కి ఫోన్ చేస్తే సర్వే జరుగుతోందన్నారు. ఫైబర్ వచ్చిన రోజు దానికి మారిపోతాను. కొట్టం పక్కన డిష్ మాత్రం పీకను. ఐసు తుపానుకి స్తంభాలు విరిగిన రాత్రి మా ఆవిడకి ఆసుపత్రి నుంచి ఫోనొస్తే, బ్యాటరీ మీద ఆ స్కాన్ తెరుచుకోవాలి.