బీటిల్, గోల్ఫ్: ఫోక్స్‌వ్యాగన్ తిరిగిన మలుపు

ఫెర్డినాండ్ పోర్షె రూపొందించిన బీటిల్ కారుకి ఇంజిను వెనక ఉంటుంది, గాలితోనే చల్లబడుతుంది. రేడియేటరే లేదు కాబట్టి చలికి నీళ్లు గడ్డకడతాయన్న బెంగ లేదు. యుద్ధంలో చితికిపోయిన జర్మనీకి సరిగ్గా అలాంటి మొండి బండే కావాలి. 1972లో అది ఫోర్డ్ మోడల్ టి ఉత్పత్తి రికార్డునే దాటేసింది.

అయితే చిక్కంతా ఆ నిర్మాణంలోనే ఉంది. వెనక ఇంజిను, ముందు పెట్రోలు ట్యాంకు. ఇక సామాన్లకి మిగిలేది ఎంత? పైగా ఇంజిను మోత కూడా ఎక్కువే. ఒక్క కారునే నమ్ముకుని కంపెనీ చాలా ఆలస్యం చేసిందని నా అభిప్రాయం.

1974లో వచ్చిన గోల్ఫ్ లెక్కంతా తిరగేసింది. ఇంజిను ముందుకొచ్చి అడ్డంగా కూర్చుంది, నీటితో చల్లబడింది, ముందు చక్రాలను తిప్పింది. ఇటలీ డిజైనర్ జుజారో గీసిన ఆ పదునైన గీతలు ఇప్పటికీ పాతబడలేదు. వెనక సీటు మడిస్తే చిన్న కారులోనే బోలెడు చోటు! 1976లో అమ్మకానికొచ్చిన గోల్ఫ్ వేగవంతమైన రకం జీటీఐ 110 హార్స్‌పవర్‌తో దూసుకెళ్లింది. తొలి గోల్ఫ్‌లకు తుప్పు బెడద ఉండేది, అది నిజం.

మన దగ్గర 2010 నుంచి 2022 దాకా అమ్మిన ఫోక్స్‌వ్యాగన్ చిన్న కారు పోలోదీ గోల్ఫ్ బాటే.

దారిలో ఆగినా సులువుగా బాగుచేసుకోగల బండి కావాలంటే బీటిల్. ఇంటిల్లిపాదీ సామాన్లతో ప్రయాణించాలంటే మాత్రం నా ఓటు గోల్ఫ్‌కే. మెక్సికోలోని ప్వెబ్లాలో బీటిల్ 2003 దాకా తయారైంది, గోల్ఫ్ ఎనిమిదో తరానికి చేరింది.