డీవీడీల్ని హార్డ్ డిస్క్‌లోకి: ఉన్నదున్నట్టా, కుదించా?

తిరుపతిలో ఎండలకు ఏళ్ల తరబడి అలమారలో మగ్గిన డిస్కుల్ని ఓసారి లైటుకు అడ్డంగా పట్టి చూడండి. వెండిరంగు పూతలో సూదిమొనంత చిల్లులు కనిపిస్తే ఇక ఆలస్యం చేయొద్దు, హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించేయండి.

మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో తీస్తే డిస్కులోని బొమ్మ, శబ్దం, సబ్‌టైటిల్స్ ఏదీ తగ్గకుండా ఫైలవుతాయి. డ్రైవ్ చదివినంతసేపే పని. సైజు మాత్రం పెద్దది: రెండు పొరల డీవీడీ 8.5 జీబీ వరకు, బ్లూరే అయితే 50 జీబీ దాకా.

హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో హెచ్.265 అనే వీడియో ఫార్మాట్‌లోకి కుదిస్తే డీవీడీ సినిమా ఒకటి రెండు జీబీలకు దిగుతుంది. ఫోన్లో చూసుకోవడానికి హాయి. కానీ పాత తెలుగు డీవీడీలతో ఒక చిక్కుంది. చాలావాటిలో బొమ్మ ఇంటర్‌లేస్డ్, అంటే బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి వస్తాయి. వాటిని ఒకే బొమ్మగా మార్చే డీఇంటర్‌లేస్ సెట్టింగ్ సరిగ్గా పెట్టకపోతే డ్యాన్స్‌లో చెయ్యి ఊపినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. ఒకసారి అలా కుదించి డిస్కు పారేస్తే మళ్లీ సరిచేయడం కష్టం. పైగా మామూలు ల్యాప్‌టాప్‌కు ఒక్కో సినిమాకు గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే అదో టెన్షన్.

నా ఓటు మొదటిదానికే. 4 టీబీ హార్డ్ డిస్క్‌లో నిండు డీవీడీలైనా 400కు పైగా పడతాయి. అలాంటిదే ఇంకోటి కూడా కొని, చిత్తూరులోని అక్క ఇంట్లోనో ఎక్కడో ఒక కాపీ ఉంచండి. ఫోన్‌కు కావాల్సినవి ఆ ఫైళ్ల నుంచే తర్వాత కుదించుకోవచ్చు.

వీసీడీలకు ఈ చర్చే అక్కర్లేదు. అవి అసలే ఎంపెగ్-1 అనే పాత పద్ధతిలో బాగా కుదించినవి, ఇంకా కుదిస్తే మొహాలు అలుక్కుపోతాయి. ఉన్నది ఉన్నట్టే తీసుకోండి.