రెండేళ్ల డ్యూటీ తర్వాత ఎమ్మెస్సీయా, ఏడాది డిప్లొమానా, వార్డులోనే ఉండాలా?

బీఎస్సీ నర్సింగ్ చేసి బెంగళూరులో రెండేళ్లు పనిచేసిన మన అనంతపురం, చిత్తూరు, కడప అమ్మాయిలు తరచూ అడుగుతుంటారు: "అక్కా, ఇప్పుడు ఎమ్మెస్సీకి వెళ్లాలా, ఏడాది డిప్లొమా చేయాలా, లేక ఇక్కడే ఉండి అనుభవం పెంచుకోవాలా?" ఇంట్లోవాళ్లు దీన్ని జీతం లెక్కలో చూస్తారు. అది తప్పేం కాదు. కానీ నేను ముందు చూసేది వేరు. రోగి మంచం దగ్గర నిలబడినప్పుడు నీ చదువు నీకు ఎంత పనికొస్తుంది?

ముందు వార్డు సంగతి. ఏళ్లు గడిస్తే అనుభవం దానంతటదే వస్తుందంటారు. అందులో సగమే నిజం. అమెరికన్ నర్సు పట్రీషియా బెన్నర్ 1984లో నర్సు ఎదుగుదలను ఐదు దశలుగా వివరించారు. ఒకే రకం రోగుల మధ్య రెండు మూడేళ్లు పనిచేసిన నర్సు మూడో దశకు, అంటే పనిని తనే ప్లాన్ చేసుకుని నడిపించే స్థాయికి చేరుతుందని ఆమె చెప్పారు. కొత్త విభాగానికి మారితే ఎంత సీనియర్ అయినా మళ్లీ మొదటి దశ నుంచే. ఈ నెల ఆర్థో, వచ్చే నెల డయాలసిస్, ఆపై క్యాజువాలిటీ అంటూ తిప్పుతుంటే రెండేళ్లయినా ఆ మూడో దశ రాదు.

ఒకే వార్డులో ఉన్నా కారణం తెలియకపోతే అలవాటు మాత్రమే మిగులుతుంది. చార్టులో శ్వాస వేగం చూడండి. చాలా వార్డుల్లో ఏ రోగికైనా 18 లేదా 20 రాసేస్తారు. ఛాతీ చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టేవాళ్లు తక్కువ. రోగి పరిస్థితి దిగజారుతోందా అని ముందే పసిగట్టడానికి బ్రిటన్ ఆసుపత్రులు న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే లెక్క వాడతాయి, పాయింట్లు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. అందులో శ్వాస 12 నుంచి 20 ఉంటే సున్నా, 21 నుంచి 24 ఉంటే రెండు, 25 లేదా అంతకంటే ఎక్కువైతే మూడు పాయింట్లు. ఇన్ఫెక్షన్ ముదిరి రక్తంలో ఆమ్లం పెరిగితే, శరీరం కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపి దాన్ని సరిచేసుకోవాలని చూస్తుంది. అందుకే చాలామందిలో బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. ఈ కారణం తెలిసిన నర్సు లెక్కపెట్టకుండా ఉండలేదు. తెలియనివాళ్లు పదేళ్ల తర్వాత కూడా 20 అనే రాస్తారు.

కాబట్టి ఎందుకని అడిగితే విసుక్కోకుండా చెప్పే ఇన్‌ఛార్జి సిస్టర్, వారానికో కేస్ డిస్కషన్, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో రోగి పరిస్థితిని ఒక పద్ధతిలో చెప్పే అలవాటు ఉంటేనే వార్డులో ఉండిపోవడం మంచి దారి. అవి ఉంటే సంవత్సరం ఆగినా నష్టం లేదు. లేకుంటే అక్కడ ఏళ్లు పెరుగుతాయి గానీ పని తెలియదు.

నా ఓటు మాత్రం డిప్లొమాకే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు క్రిటికల్ కేర్, ఆంకాలజీ (క్యాన్సర్), నియోనేటల్ (నవజాత శిశువులు), ఆపరేషన్ థియేటర్, సైకియాట్రీ లాంటి చాలా విభాగాల్లో ఉన్నాయి. మానసిక ఆరోగ్య నర్సింగ్ నేర్చుకోవాలంటే బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆసుపత్రి కంటే మంచి చోటు మన చుట్టుపక్కల కనిపించదు. ఈ కోర్సుల బలం ఏమిటంటే, ఉదయం వెంటిలేటర్ అలారం గురించి చదివితే మధ్యాహ్నమే ఆ అలారం మోగే మంచం దగ్గర ఉంటావు. సందేహం పాతబడకముందే జవాబు దొరుకుతుంది. రెండేళ్లు ఒకేచోట పనిచేసి వచ్చినవాళ్లకు ఇది బాగా వంటబడుతుంది, ఎందుకంటే అడగాల్సిన ప్రశ్నలు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటాయి.

ఇక్కడ మన భాషకూ పని ఉంది. నిమ్హాన్స్‌కు, బెంగళూరులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి రాయలసీమ నుంచి ఎంతోమంది వస్తారు. డిశ్చార్జి రోజున మందు ఎప్పుడు వేసుకోవాలో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలో తెలుగులో చెప్పి, వాళ్ల చేత మళ్లీ చెప్పించుకోవడం కూడా నర్సు నేర్చుకోవాల్సిన విద్యే. అలాగని కన్నడను వదలకండి, వార్డులో మిగతావాళ్లలో చాలామందికి అదే కావాలి.

ఎమ్మెస్సీ రెండేళ్లు. బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం ఉండాలి. కాలేజీలో లెక్చరర్ కావాలనుకుంటే దీనికి ప్రత్యామ్నాయం లేదు, నిస్సందేహంగా చేయండి. పరిశోధన పత్రం చదివి తూకం వేయడం కూడా అక్కడే వస్తుంది. అయితే కోర్సులో భాగంగా రాసే పరిశోధన పత్రాలు (డిసర్టేషన్లు) చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: ముందే తయారుచేసిన ఒక పాఠం (స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్), దానికి ముందొక ప్రశ్నపత్రం, తర్వాతొక ప్రశ్నపత్రం. మార్కులు పెరిగాయని తేలుతుంది, వార్డులో ఏం మారిందో తేలదు. మీరు చేస్తే మీ వార్డులో రోజూ ఇబ్బంది పెట్టే సమస్యనే తీసుకోండి. ఐసీయూలోనే ఉంటూ పీజీ స్థాయి కావాలంటే క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ల రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూనే చదివే) కోర్సు ఉంది, దాన్నీ చూడండి.

డిగ్రీ కాకుండా జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసినవాళ్లకు నా మాట వేరు. ముందు మీలాంటివాళ్ల కోసమే ఉన్న డిగ్రీ, పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయండి. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన తొమ్మిది యూరప్ దేశాల అధ్యయనంలో, డిగ్రీ ఉన్న నర్సులు 10 శాతం ఎక్కువగా ఉన్నచోట శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. మన ఆసుపత్రులు వేరే, ఇదొక్కటే రుజువు కాదు. అయినా చదువుకూ రోగి ప్రాణానికీ సంబంధం ఉందని నమ్మడానికి నాకది చాలు.

ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, కర్ణాటక స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు మీరే చూసుకోండి. ఆసుపత్రికి వెళ్లి ఎన్ని పడకలున్నాయో, విద్యార్థులను ఏ వార్డుల్లో పెడతారో కనుక్కోండి. ఇప్పుడు చదువుతున్న సీనియర్‌తో మాట్లాడండి. "క్లాసులకు రాకపోయినా పర్వాలేదు, సర్టిఫికెట్ మేం చూసుకుంటాం" అని ఏజెంటు అంటే, అక్కడ సీటు ఎంత తక్కువకు వచ్చినా తీసుకోవద్దు.