మిగులు సైనిక ట్రక్కు చేతికొచ్చాక: ముందు స్టార్ట్ చేసి చూడటమా, ముందు విప్పి చూడటమా?

సైన్యం వాడకం నుంచి తప్పించి వేలంలో అమ్మేసిన ట్రక్కును కొన్నవారు మొదటి రోజునే ఒక విషయం తేల్చుకోవలసి వస్తుంది. బ్యాటరీలు తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, కొద్దిదూరం నడిపి, బయటపడిన లోపాలను ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ పోవడం ఒక పద్ధతి. ఇంజిన్ జోలికి పోకుండా ముందు చక్రాలు, బ్రేకులు, ఆయిళ్లు విప్పి చూసి, అవి సరిగా ఉన్నాయని తేలాకే స్టార్ట్ చేయడం రెండో పద్ధతి. ఇంజిన్ ఆయిల్ నమూనాను ల్యాబుకు పంపి, ఆ నివేదికను బట్టి నడుచుకుందామనేవారూ ఉన్నారు. అమెరికా సైన్యం 1950ల నుంచి దశాబ్దాల పాటు వాడిన రెండున్నర టన్నుల ట్రక్కుల్లో ఎక్కువగా కనిపించే ఎం35ఏ2ను ఉదాహరణగా తీసుకుని ఈ మూడింటినీ పోల్చి చూస్తాను.

ముందు స్టార్ట్ చేయడం తెలివితక్కువ పనేమీ కాదు. ఆయిల్ ప్రెజర్ ఎంత, పొగ ఏ రంగు, బ్రేకులకు కావలసిన గాలిని కంప్రెసర్ ట్యాంకుల్లో ఎంతసేపట్లో నింపుతోంది, గేర్లు సాఫీగా పడుతున్నాయా అన్నవి బండి కదలకుండా నిలబడి ఉంటే తెలియవు. గాలి గొట్టాల లీకులు కూడా ట్యాంకులో గాలి నిండితేనే వినబడతాయి. అయితే అమ్మేవాడు మనకు ముందుగా చూపించేది కూడా ఇంజినే. అది చక్కగా తిరగడం ఇంజిన్ గురించి మాత్రమే చెబుతుంది. బండిని ఆపవలసిన భాగాల గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

పైగా, ఎం35ఏ2లో ఉండే, ఒకటికి మించిన రకాల ఇంధనంతో నడవగల మల్టీఫ్యూయల్ ఇంజిన్ చాలాకాలం కదలకుండా ఉంటే, దాన్ని తొందరపడి స్టార్ట్ చేయడంలోనే ప్రమాదముంది. ఆరు సిలిండర్లతో, దాదాపు 7.8 లీటర్ల పరిమాణంతో ఉండే ఈ ఇంజిన్‌లో ఇంధన పంపు లోపలి భాగాలు ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోతే, స్టార్ట్ కాగానే ఇంధనం అదుపు తప్పి ఇంజిన్ వేగం పెరుగుతూనే పోవచ్చు. అందువల్ల డ్యాష్‌బోర్డు మీది ఇంజిన్ స్టాప్ తీగ లాగితే పంపు దగ్గరి మీట నిజంగా కదులుతోందో లేదో ముందే బానెట్ ఎత్తి చూడాలి, గాలి లోనికి వెళ్లే దారిని మూసేందుకు తగిన పలక పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడాలి. నిలువు సైలెన్సర్ గొట్టం మీది మూత తెరుచుకుని ఉండిపోయిందేమోనని కూడా చూడాలి. అక్కడి నుంచి దిగిన వాననీరు సిలిండర్‌లోకి చేరి ఉంటే, స్టార్టర్ తిప్పిన మొదటి చుట్టుకే కనెక్టింగ్ రాడ్ వంగిపోగలదు.

రెండో పద్ధతి వైపు నన్ను పూర్తిగా తిప్పింది బ్రేకులే. ఎం35ఏ2లో పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ నుంచి ద్రవం బయలుదేరుతుంది, గాలి సాయంతో పనిచేసే ఎయిర్‌ప్యాక్ దాని ఒత్తిడిని పెంచి ఆరు చక్రాల దగ్గరి బ్రేకు డ్రమ్ములకూ పంపుతుంది. ఈ ఆరింటికీ కలిపి ఉన్నది ఒకే ద్రవ మార్గం కాబట్టి, ఎక్కడో ఒక చక్రం దగ్గర రబ్బరు గొట్టం పగిలినా పెడల్ నేలకు ఆనుతుంది, ఆరు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఆ తర్వాత మిగిలేది ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ పెట్టె) దగ్గరి హ్యాండ్ బ్రేకు ఒక్కటే. దాదాపు 6 టన్నుల ఖాళీ బండిని వాలులో ఆపడానికి దాని మీద ఆధారపడమని నేనెవరికీ చెప్పలేను.

నేను దగ్గరుండి విప్పిన ఒక బండి ఇంజిన్ మొదటి స్టార్టుకే అందుకుంది, పొగ కూడా లేదు. వెనుక ఎడమ చక్రం తీసి, డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూలు వదులు చేసి డ్రమ్ము లాగితే, షూల మీది లైనింగు నల్లగా, తడిసిన రాయిలా మెరుస్తోంది. స్క్రూడ్రైవర్ మొనతో గీస్తే గీసినంత మేరా ఆయిల్ ఊరింది. ఇరుసులోని గేర్ ఆయిల్ సీల్ దాటి చక్రం మధ్యనుండే హబ్‌లోకి వచ్చి, బేరింగు గ్రీజును కడిగేసి, షూల మీదికి దిగింది. కారణం వెతికితే ఇరుసు పైనున్న గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయి కనిపించింది. వేడికి లోపల పెరిగిన ఒత్తిడికి వేరే దారి లేక ఆయిల్ సీల్‌ను తోసుకుని వచ్చిందన్నమాట. కుడి వైపు షూలు పొడిగా ఉన్నాయి కనుక, ఆ బండిని అలాగే రోడ్డెక్కించి గట్టిగా బ్రేకు వేసి ఉంటే అది ఒక పక్కకు లాగేసేది. ఎడమ వైపు చక్రాల నట్లకు ఎడమ మరలు (గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులయ్యేవి) ఉంటాయని తెలియక కుడి మరల్లాగే విప్పబోయి బోల్టులు విరగ్గొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు, కాబట్టి పానా పెట్టే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

బ్రేకు ద్రవం రంగు కూడా చూడాలి. అమెరికా సైన్యం 1980ల తొలినాళ్లలో సిలికాన్ ద్రవానికి మారింది, అది ఊదారంగులో ఉంటుంది. మామూలు ద్రవంతో అది కలవదు. నీటిని పీల్చుకోదు కనుక లోపలికి చేరిన తేమ పల్లపు చోట్ల బొట్లుగా నిలిచి వీల్ సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. సిలిండర్ చివరి రబ్బరు తొడుగు వేలితో పక్కకు తీస్తే ఆ తడి కనిపించిపోతుంది.

మూడో దారి అయిన ల్యాబు పరీక్షకు విలువ లేకపోలేదు. రాగి, సీసం బేరింగుల అరుగుదలను, సిలికాన్ లోపలికి పోయిన దుమ్మును, సోడియం కూలెంట్ లీకును సూచిస్తాయి. కానీ సైన్యంలో వరుసగా తీసిన నమూనాల చరిత్ర సాధారణంగా కొన్నవారి చేతికి రాదు. ఒక్క నమూనాతో అరుగుదల పెరుగుతోందో లేదో తేల్చలేము. అమ్మకానికి ముందు ఆయిల్ మార్చి ఉంటే నివేదిక మచ్చలేకుండా వస్తుంది. ముందుగా డిప్‌స్టిక్ తీసి చూడటం నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. మట్టం గీత దాటి ఉండి డీజిల్ వాసన కొడితే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే నీరు చేరిందని అర్థం. అడుగున తేరిన నీరు ముందుగా బయటికి వస్తుంది కనుక డ్రెయిన్ బోల్టును కొద్దిగా వదులు చేసి తొలి చుక్కలను గాజు సీసాలో పట్టడం కూడా మంచిది.

టైర్ల విషయంలో గాళ్ల లోతు మోసం చేస్తుంది, పక్కగోడ మీది పగుళ్లు, తయారీ వారం, సంవత్సరం తెలిపే నాలుగంకెలే నమ్మదగినవి. మీటరులో మైళ్లు తక్కువగా ఉన్నంత మాత్రాన సంతోషపడనక్కర లేదు, ఎందుకంటే సీళ్లు, గొట్టాలు ఎండిపోయేది తిరిగినందువల్ల కాదు, ఏళ్ల తరబడి నిలబడినందువల్ల.

కిందటి నెలదాకా రోజూ తిరిగిన బండి అయితే, అదీ ఆవరణ లోపల జరపడానికి మాత్రమే అయితే, మొదటి పద్ధతికి నేను అడ్డు చెప్పను. మిగతా సందర్భాలన్నింటిలోనూ విప్పి చూడటమే మేలు. కొన్నచోటి నుంచి ఇంటికి నడిపించుకు రావడం కంటే లోబెడ్ (బండ్లను మోసుకెళ్లే ఎత్తు తక్కువ ట్రెయిలర్) మీద తేవడానికి ఎక్కువ ఖర్చయినా అదే చేయాలి. ఆరు డ్రమ్ములూ చూశాక, ఇంజిన్ స్టాప్ తీగ లాగి ఉంచి ఆయిల్ ప్రెజర్ కనిపించేదాకా స్టార్టర్‌ను కొద్దికొద్దిగా తిప్పి, అప్పుడు స్టార్ట్ చేయాలి. తొలిసారి పది కిలోమీటర్లకు మించకుండా నడిపి ఆపి, ప్రతి హబ్ మీదా జాగ్రత్తగా చెయ్యి ఆనించి చూడాలి. ఆరింటిలో ఒక్కటే చుర్రుమంటే, ఆ చక్రాన్ని ఆ రోజే మరోసారి విప్పాలి.