నాలుగేళ్ల కరాటే క్లాసు: కట్టిన ఫీజుకు నాకు దక్కిందేమిటి?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా వీధి చివరి కరాటే క్లాసులో చేరినప్పుడు నాకు ముప్పై ఎనిమిది. బట్టల షాపులో లెక్కలు రాసి రాత్రి తొమ్మిదికి నడిచి ఇల్లు చేరేదాన్ని. ఆ భయంతోనే చేరాను. "ఈ వయసులో ఇదేటే?" అని మా అత్త నవ్వింది. వారానికి మూడు రోజులు, తెల్లవారి అయిదున్నరకి. నెలకు 600 రూపాయలు, డ్రెస్సుకు 900, బెల్టు పరీక్షల ఫీజు వేరే. ఇప్పుడు నడుముకు బ్రౌన్ బెల్టుంది, బ్లాక్ బెల్టుకు ముందుది. ఆత్మరక్షణ కోసం చేరాలనుకునేవాళ్లు ఈ బెల్టు రంగు చూసి మోసపోవద్దు.

నిరుడు మాఘమాసంలో టెక్కలిలో పెళ్లికి వెళ్లి, తిరిగి మా ఊరి పక్కనున్న పాతపట్నంలో దిగేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఆటో కోసం నిలబడ్డాను. తాగినవాడొకడు వచ్చి ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. క్లాసులో లెక్కలేనన్నిసార్లు చేసిందే ఇది. పట్టుకున్నవాడి బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య సందు ఉంటుంది, చేయి అటు తిప్పి లాగాలి. కానీ క్లాసులో పట్టుకునే పిల్ల బుద్ధిగా పట్టుకుని నిలబడుతుంది. వీడు నిలబడలేదు. లాగుతూనే రెండో చేత్తో పైట అందుకున్నాడు. ట్రాక్ ప్యాంటులో నేర్చుకున్న అడుగు పట్టుచీరలో సాగలేదు. మొదటిసారి లాగితే చేయి రాలేదు. రెండోసారి వచ్చింది గానీ రెండు గాజులు పగిలి చర్మం చీరుకుపోయింది.

మా మాస్టారు ఒడియావారు. నాలుగేళ్లూ "ఛాడ!" (వదులు) అనే అరిపించారు. ఆ క్షణంలో నా నోటికి వచ్చింది మాత్రం "వదల్రా!". టీ బండి ఆవిడ గరిటె పట్టుకుని ముందుకొచ్చింది, వాడు జారుకున్నాడు. నేను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఇంటికొచ్చాక తాళంచెవి కన్నంలో దూర్చలేకపోయాను, చేతులు అంతగా వణికాయి. భయంలో అడ్రినలిన్ పొంగితే వేళ్లతో చేసే సున్నితమైన పనులు చెడిపోతాయట. మెలికలు తిప్పే టెక్నిక్కులు అప్పుడు పనిచేయనిది అందుకే. మోటుగా తోయడం, అరవడం, పరుగెత్తడం మిగులుతాయి.

కాబట్టి నా లెక్కలో క్లాసు ఇచ్చింది ఇంతే: పట్టుకోగానే కొయ్యబారిపోకుండా కదలడం, గొంతు లేవడం. ఇది చిన్న విషయమని నేను అనను. చేరకముందైతే మొహమాటంతో, ఎవరైనా చూస్తారేమోనని నోరు మూసుకునేదాన్ని.

నాకు నచ్చనిది కత్తి పాఠం. చెక్క కత్తి ఒకే దిక్కు నుంచి మెల్లగా వస్తుంది, మనం మణికట్టు పట్టి మెలితిప్పి లాక్కుంటాం, అందరూ చప్పట్లు. ఒక ఆదివారం మా అబ్బాయి పాత తెల్ల స్కూలు చొక్కా వేసుకుని, మరిది చేతికి ఎర్ర స్కెచ్ పెన్ను ఇచ్చి, "నిజంగా పొడువు" అన్నాను. అర నిమిషంలో చొక్కా మీద ఏడు గీతలు, ముంజేతుల మీద నాలుగు. పెన్ను మాత్రం మరిది చేతిలోనే ఉంది. కత్తి కనిపిస్తే బ్యాగు ఇచ్చేసి పరుగెత్తడమే. మూడు రోజుల వర్క్‌షాపులో ఈ పాఠం నేర్పి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లను అసలు నమ్మను. మా షాపులో పిల్ల అలాంటిదానికి వెళ్లొచ్చింది. నెల తర్వాత మణికట్టు పట్టుకుంటే ఏ వైపు లాగాలో కూడా గుర్తులేదు.

క్లాసులో ఊసే రాని సంగతి ఇంకోటి. మన దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు తెలిసినవాడే. చుట్టం మీద ఎవరు మోచేయి విసురుతారు? నర్సింగ్ చదివే మా చెల్లెలి కూతురు 2015 నాటి కెనడా అధ్యయనం ఒకటి చూపించింది. మూడు యూనివర్సిటీల్లో మొదటి ఏడాది అమ్మాయిలకు 12 గంటల శిక్షణ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవాళ్లు కరపత్రాలు మాత్రమే అందిన గుంపులో 9.8 శాతం, శిక్షణ పొందినవాళ్లలో 5.2 శాతం. ఆ శిక్షణలో దెబ్బలు ఒక భాగమే. తెలిసినవాడు హద్దు దాటుతున్నాడని పసిగట్టడం, మొహమాటం లేకుండా కాదనడం మిగతాది. మా క్లాసులో దానికి ఒక్క పూట కూడా కేటాయించలేదు.

చట్టం గురించీ చెప్పలేదు, లాయరు మా బావ చెప్పాడు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. 37వ సెక్షన్ ప్రకారం, కాపాడుకోవడానికి కావలసినంతకు మించి హాని చేయకూడదు. పారిపోతున్నవాణ్ణి కసికొద్దీ వెంటాడి కొడితే కేసు మన మీదే పడొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ వాడుకున్నది పడటం. గడ్డం గుండెకు ఆనించి, చేయి ఆసరాగా పెట్టకుండా దొర్లడం నేర్పారు. వానాకాలంలో పెరట్లో నాచు మీద రెండుసార్లు జారాను. తుంటి మీద కమిలింది, అంతే.

ఫీజు కడుతూనే ఉన్నాను. బ్లాక్ బెల్టు పరీక్షకు మాత్రం కట్టను. చీరలో ప్రాక్టీసు చేస్తానంటే మాస్టారు మొదట ఒప్పుకోలేదు, డ్రెస్సు నియమమట. ఈ మధ్య ఆదివారాలకు సరేనన్నారు. గాజులు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మన్నారు.