వైకింగ్ స్కై దర్యాప్తు నివేదిక: ఇంజిన్ రూమ్‌లో పనిచేసేవారు తప్పక చదవవలసిన పత్రం

2019 మార్చి 23న, నార్వే పడమటి తీరంలోని హుస్టాద్‌వికా వద్ద, పెనుగాలుల మధ్య వైకింగ్ స్కై అనే ప్రయాణికుల ఓడలో కరెంటు పూర్తిగా పోయింది. ఆ ఓడను నడిపే మోటార్లకు శక్తి డీజిల్ జనరేటర్ల నుంచే అందుతుంది కనుక, కరెంటు పోయిందంటే నడక ఆగిపోయినట్టే. 1,373 మందితో ఉన్న ఆ ఓడ, రెండు లంగర్లు వేసినా నిలవక, ఒడ్డు వైపు కొట్టుకుపోయి, నేల తాకడానికి తన పొడవంత దూరమైనా లేని చోటికి చేరింది. హెలికాప్టర్లు 479 మంది ప్రయాణికులను పైకి లాగి తరలించాయి. నార్వే భద్రతా దర్యాప్తు సంస్థ 2024 మార్చిలో వెలువరించిన తుది నివేదికను ఆ సంస్థ వెబ్‌సైటు నుంచి ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. ఇంజిన్ రూమ్‌లో వాచ్ (వంతుల వారీ కాపలా పని) చేసినవాడిగా నేను దాన్ని రెండుసార్లు చదివాను.

ఈ నివేదిక విలువంతా లూబ్ ఆయిల్ (యంత్ర భాగాలు అరగకుండా వాడే కందెన నూనె) గురించిన భాగంలో ఉంది. బిందె అడుగున నాలుగు చెంబుల నీళ్లు మిగిలినప్పుడు దాన్ని పక్కకు వంచితే, నీళ్లన్నీ ఒక మూలకు చేరి మిగిలిన అడుగు ఎలా బయటపడుతుందో, ఓడ ఊగినప్పుడు ఆ నూనె నిలవ ఉండే సంప్ ట్యాంకులోనూ అదే జరుగుతుంది. అప్పుడు పంపు గొట్టం నూనెకు బదులు గాలిని పీలుస్తుంది, పీడనం పడిపోతుంది, జనరేటర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. తయారీదారు ట్యాంకులు 68 నుంచి 75 శాతం వరకు నిండి ఉండాలని సూచించగా, ఆ ఓడలో 28 నుంచి 40 శాతమే ఉంచేవారని 2019 నవంబరులో వచ్చిన మధ్యంతర నివేదికే తేల్చింది. పనిచేస్తున్న మూడు జనరేటర్లూ ఇలాగే నిలిచిపోయాయి. నాలుగోది, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బోచార్జర్ చెడిపోయి, ముందే మూలపడి ఉంది.

అయితే తుది నివేదిక తప్పంతా వాచ్‌లో ఉన్న ఇంజినీరు నెత్తిన రుద్ది చేతులు దులుపుకోలేదు. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. ఓడ ఊగినా ఒరిగినా యంత్రాలు ఆగకూడదని అంతర్జాతీయ నిబంధనలు చెబుతున్నా, ఆ ట్యాంకుల నిర్మాణమే వాటికి అనుగుణంగా లేదని అది నిర్ధారించింది. ఒక జనరేటర్ లేకుండా, అలాంటి వాతావరణంలో, ఓడ ట్రోమ్సో రేవు విడిచి ఉండకూడదని కూడా నిర్మొహమాటంగా రాసింది. కరెంటును తిరిగి తెచ్చుకోవడం ఎందుకు ఆలస్యమైందో వివరించిన చోట, అలాంటి స్థితిని ఎదుర్కోవడంలో సిబ్బందికి అభ్యాసం లేదని చెప్పింది. రెండు మోటార్లూ ఓడను ముందుకు నడపగల స్థితికి రావడానికి పట్టిన సమయం సుమారు 39 నిమిషాలు. ఆ నిమిషాలను చదువుతున్నప్పుడు, చీకటి ఇంజిన్ రూమ్‌లో వరుసగా మోగే అలారాల మధ్య ఏది ముందు చూడాలో తేల్చుకోలేక నిలబడిన మనుషుల మీద నాకు కోపం రాలేదు, జాలి కలిగింది.

లోపాలు కూడా చెప్పాలి. సంఘటనకూ తుది నివేదికకూ మధ్య అయిదేళ్లు గడిచాయి. ఇది చాలా ఎక్కువ. మధ్యంతర నివేదిక త్వరగా రాబట్టి సరిపోయింది కానీ, లేకుంటే ఇతర ఓడలవారు ఈలోగా తమ ట్యాంకుల మట్టాలు చూసుకోవాలన్న ఆలోచన కూడా లేకుండా తిరిగేవారు. వాక్యాలు సాంకేతిక భాషలో బరువుగా సాగడంతో, కొత్తగా చేరిన క్యాడెట్లు పెద్దవాళ్ల సాయం లేకుండా చదవడం కష్టం.

చదవదలచినవారు ముందు మధ్యంతర నివేదికతో మొదలుపెట్టి, తరువాత తుది నివేదికలో లూబ్ ఆయిల్ విశ్లేషణకు వెళ్లడం మేలు. ఆ భాగం చదివిన మర్నాడే వాచ్‌లో దిగి, తమ ఓడ సంప్ ట్యాంకు మట్టం ఎంత ఉందో, తయారీదారు పుస్తకంలో ఎంత ఉండాలని ఉందో రెండూ పక్కపక్కన రాసుకుని చూడాలని కోరుతున్నాను.