నాటుకోడి ఈకా, హవాయి చెప్పా: గాలానికి ఏది మేలు?

ఎర్రలు (వానపాములు) గుచ్చి గాలం వేసేవాళ్లకు ఈ తంటా లేదు. ఎర్ర మెలికలు తిరుగుతుంది, చేప మింగుతుంది, అంతే. ఫ్లై అలా కాదు. గాలానికి ఈక, ఉన్ని, దారం చుట్టి పురుగులాగో, కప్పపిల్లలాగో కనిపించేట్టు చేసే దొంగ ఎర అది. పాత విద్యే. సుమారు 1800 ఏళ్ల కిందటే మాసిడోనియాలో గాలానికి ఎరుపు రంగు ఉన్ని, కోడిపుంజు ఈకలు చుట్టి చుక్కల చేపలు పట్టేవారని ఒక రోమన్ రచయిత రాసిపెట్టాడు. ఆ రెండూ హైదరాబాద్‌లో ఏ గల్లీలోనైనా దొరికేవే. కాబట్టి సామాను కొనకుండా, ఇంట్లో పారేసేవాటిలో ఏది నిలబడుతుందో చూద్దామని బాల్కనీలో బకెట్ నిండా నీళ్లు పెట్టుకుని కూర్చున్నాను.

మొదట బ్రాయిలర్ ఈక. ఆదివారం చికెన్ షాపులో సంచీ నిండా ఊరికే ఇస్తారు. నేను తెచ్చి, కడగకుండా వంటింటి గట్టు కింద పెట్టాను. మర్నాటికి చీమలు, వాసన. అమ్మ సంచీతో సహా పారేసింది. రెండోసారి తెచ్చి సబ్బు నీళ్లలో ఉతికి, నీడన ఆరబెట్టి కడితే గాలం మీద అందంగానే ఉంది. బకెట్‌లో వేశానో లేదో, నీళ్లు పీల్చుకుని తడి దూదిలా ముద్దయి మునిగింది. తప్పు ఈకది కాదు, వయసుది. బ్రాయిలర్‌ను ఆరు వారాలకే కోసేస్తారు, ఈక ఇంకా మెత్తగానే ఉంటుంది.

నాటుకోడి పుంజు మెడ ఈక వేరే జాతి సరుకు. సన్నగా, గట్టిగా, మెరుస్తూ ఉంటుంది. వేడినీళ్లలో ముంచకముందే మెడ దగ్గరివి పీకి ఇమ్మని షాపతనికి చెప్పుకోవాలి, ముంచాక ఏరుకోవడం కష్టం. ఈక మొదలును దారంతో గాలానికి కట్టి, కొసను బట్టల క్లిప్పుతో పట్టుకుని నాలుగైదు చుట్లు తిప్పితే, నూగు చుట్టూ విచ్చుకుని పురుగు కాళ్లలా నిలబడుతుంది. ఆ కాళ్ల మీదే అది నీటిపై కూర్చుంటుంది. బకెట్‌లో చాలాసేపు తేలింది కూడా. కానీ ఒకసారి బాగా తడిశాక మళ్లీ ఆరబెట్టాల్సిందే.

ఇక చెప్పు. అరిగిపోయి మూలన పడేసిన హవాయి చెప్పు మడమ దగ్గర బ్లేడుతో చిటికెన వేలంత ముక్క కోశాను. గాలం కాడ పట్టేలా అడుగున చీలిక పెట్టి, ఫెవిక్విక్ చుక్క వేసి, పైన కుట్టు దారం బిగించాను. రాత్రి బకెట్‌లో వదిలితే తెల్లారేసరికి అలాగే తేలుతోంది! లోపలంతా మూసుకున్న గాలి బుడగలే, నీరు దూరడానికి దారి లేదు. థర్మాకోల్ కూడా తేలుతుంది గానీ దారం బిగిస్తే పొట్టులా రాలిపోతుంది, దాని ఊసు వదిలేయండి. చెప్పు ముక్కకు వెనక రెండు రబ్బరు బ్యాండ్లు కాళ్లలా కడితే కప్పపిల్ల తయారు.

ఈ కప్పపిల్ల ఎందుకంటే, ఫ్లైతో ఎక్కువగా పట్టే ట్రౌట్ అనే చల్లనీళ్ల చేప మన చెరువుల్లో లేదు. ఉన్నది కొర్రమీను, తెలంగాణ రాష్ట్ర చేప. అది గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, గుర్రపుడెక్క, నాచు అంచున కాపు కాసి కప్పల్ని పట్టుకుంటుంది. దాని పళ్లకు ఈక ఒక్క కాటుకే పీలికలవుతుంది. చెప్పు ముక్క గాట్లు పడ్డా తేలుతూనే ఉంటుంది. కొర్రమీనుకైతే నా ఓటు చెప్పుకే, రెండో ఆలోచన లేదు.

జిలేబీ చేపకు (తిలాపియా) మాత్రం లెక్క తిరగబడుతుంది. అది చిన్న నోటితో నీటి లోపల తింటుంది కాబట్టి ఎర మునగాలి. పాడైన చార్జర్ వైరు ఒలిస్తే వెంట్రుకంత రాగి పోగులు వస్తాయి. వాటిని గాలం కాడ మీద వరసగా చుడితే బరువూ వస్తుంది, పురుగు ఒంటి మీద గీతల్లాగా మెరుస్తుంది. ముందు వైపు రెండు చుట్లు బ్రాయిలర్ ఈక వేస్తే చాలు. బకెట్‌లో ఓడిపోయిన మెత్తదనమే ఇక్కడ పనికొచ్చింది, నీటిలో కాళ్లాడిస్తున్నట్టు కదులుతుంది.

మెరుపు కోసం చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి పొరను సన్నగా కత్తిరించి చుట్టేవాళ్లు ఉన్నారు. నేనూ చుట్టాను. చేతిలో పట్టుకుంటే దాన్ని మించింది లేదు. రెండు చేపల తర్వాత చిరిగి వేలాడింది, తెగిన ముక్క చెరువు పాలు. పాత పట్టుచీర అంచు నుంచి లాగిన జరీ పోగు నయం, మెరుపు కాస్త తక్కువైనా విప్పుకోదు. అత్తమ్మను అడిగి తీసుకోండి, అడక్కుండా వద్దు. ఉన్ని అయితే చిన్న పోగు కాల్చి చూడండి: వెంట్రుక కాలిన వాసనొస్తే అసలు ఉన్ని, గట్టి ఉండలా కరిగితే అక్రిలిక్. మా ఇంటి మంకీ క్యాప్ కరిగిపోయింది.

ఇంకో ఇబ్బంది, ఫ్లైకి బరువుండదు, మామూలు రాడ్‌తో దూరం పోదు. వెదురు కర్రకు దాని పొడవంతే నైలాన్ దారం కట్టి విసిరితే సరిపోతుంది. జపాన్ వాళ్లు టెంకారా అని రీలు లేకుండా పట్టేదీ ఇంచుమించు ఇదే. చెరువులో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సంఘానిదే, ముందు వాళ్లను అడిగి వేయండి. గాలం మాత్రం కొనండి. పిన్నీసు వంచి చేసినదాన్ని కొర్రమీను తిన్నగా సాగదీసి వెళ్లిపోతుంది.